పరీక్ష రోజు మా క్లాసుకి వచ్చిన అమ్మాయి

ఈ సంగతి జరిగినప్పుడు నాకు గుణింతాలు మాత్రమే వచ్చు. ఒత్తులు పట్టుబడ్డాక ఇప్పుడు రాయగలుగుతున్నాను. దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ఇప్పటికీ వాటిని నమ్మను.

కైకలూరు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో నా పని. మా అమ్మాయి సువర్ణ ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. కాలేజీలో ఆడపిల్లల సేవాసంఘానికి తనే కార్యదర్శి. శనివారం మధ్యాహ్నాలు స్నేహితురాళ్లతో బస్సులో వచ్చి, మా పేట చర్చి వరండాలో ఆడవాళ్లకి చదువు చెప్పేది. ఐసులో పెట్టి పెట్టి మా వేళ్లు మొద్దుబారిపోయేవి. బలపం పట్టించే ముందు ఒక్కొక్కరి వేళ్లూ తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దేది.

సంఘం పనుల్లో పడి స్టాటిస్టిక్స్ తప్పింది. మళ్లీ రాసే పరీక్ష శనివారం మధ్యాహ్నమే పడింది. ఈసారీ పోతే ఆ ఏడు బీఈడీ లేనట్టే.

"ఈ వారం రానమ్మా, పరీక్షుంది" అని ఫోన్ చేసింది.

బాగా రాయమని అనాల్సింది. "మరి మా సంగతేంటే? సగంలో వదిలేస్తావా?" అన్నాను.

శనివారం ఎవరూ రారని తెలిసినా అలవాటు కొద్దీ వెళ్లాం.

"మీ టీచరమ్మ ఎగ్గొట్టిందిగా వదినా! ఇంకేం, పలక తలకింద పెట్టుకుని పడుకో" అని పక్కింటి మరియమ్మ ఆటపట్టించింది. అంతలో సువర్ణ మెట్లెక్కి వచ్చింది.

ఎవరినీ పలకరించలేదు. నా పక్కన కూర్చుని నా వేళ్లు రుద్దింది. తన చూపుడువేలికి ఇంకా ఆరని నీలం సిరా ఉంది. పరీక్ష మానేశావా అంటే తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి పట్టుకుని కాసేపు దిద్దించి, లేచి వెళ్లిపోయింది.

"అదేంటి, పిల్ల మంచినీళ్లయినా తాగలేదు!" అంటూ మరియమ్మ వెనకే పరిగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

సాయంత్రం ఫోన్ చేస్తే, చివరిదాకా హాల్లోనే ఉన్నానంది. "పెన్ను కారి వేలంతా సిరా అయిందమ్మా. మధ్యలో కళ్లు మూతలు పడ్డాయి. నీ పక్కన కూర్చున్నట్టే ఉంది. తేరుకునేసరికి టైమైపోయింది" అని ఏడ్చింది.

ఆ పేపరు పోయింది. పక్క బల్ల అమ్మాయిని అడిగితే, సువర్ణ కుర్చీలోంచి కదల్లేదంది. ఇక్కడ మేమందరం చూశాం. ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. రమ్మని లాగింది నేనేనని మాత్రం తెలుసు.

ఆ పరీక్ష మర్నాడే, ఆదివారం పొద్దున్న ఆరాధన అయ్యాక మరియమ్మని వరండాలో ఆపి, నాకు వచ్చినంత నేనే చెప్పడం మొదలుపెట్టాను. "నీకే తప్పులొస్తున్నాయి కదే వదినా" అని నవ్వింది. రానివ్వమన్నాను. తర్వాత సువర్ణకి ఫోన్ చేశాను.

"చదువయ్యేదాకా ఈ పక్కకి రాకే. వచ్చినా మెట్లెక్కనివ్వను" అన్నాను.