అంటించుకున్న ముక్కు

నా చిన్నప్పుడు, వాంకూవర్‌లో, మా పక్కింటి చైనా తాతయ్యను చూసి నేను పెట్టిన కేక వీధి చివరి ఇంటిదాకా వినిపించిందట.

ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే పిల్లలం కూడా కదిలేవాళ్ళం కాదు. అమ్మా నాన్నా హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేదాకా, బడి అయ్యాక నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులకు శుభవార్త చెప్పే దేవదూత వేషం నాకిచ్చారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. రిహార్సల్‌లో ఒక పిల్ల, "బ్రౌన్ ఏంజెల్ ఎక్కడైనా ఉంటుందా?" అంది. సండే స్కూల్ టీచర్ దాన్ని కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ నా బుగ్గ నిమిరి, "ఆ రోజు కాస్త పౌడర్ రాద్దాంలే" అంది. ప్రేమగానే అంది.

మర్నాడు అమ్మ పౌడర్ డబ్బా బడిసంచిలో దాచుకుని వెళ్ళి, తాతయ్య వాళ్ళ బాత్‌రూమ్‌లో మొహమంతా పూసుకున్నాను. అద్దంలో పిల్ల ఎవరో నాకే తెలియలేదు. తాతయ్య నన్ను చూసి నవ్వలేదు, ఏమిటని అడగలేదు. నేను బొమ్మలు చేసుకునే రంగుమట్టి డబ్బా తీసుకుని గదిలోకి వెళ్ళారు.

బయటికి వచ్చిన ఆకారాన్ని చూసి కేక పెట్టాను. నెత్తిన పసుపుపచ్చ ఊలు జుట్టు, మొహం మధ్య వంకాయంత ముక్కు, భుజాల మీద వాళ్ళావిడ శాలువా. అది ఆడగొంతుతో చైనా భాషలో ఏదో చెబుతూ తలుపు వైపు నడిచింది. చర్చిలో బైబిల్ వాక్యం చదివే నోట ఆ గొంతు వింటూ గోడకు అతుక్కుపోయాను.

ఆయన అన్నీ పీకేసి, ఉత్త మొహంతో, మళ్ళీ అవే మాటలు చెప్పారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఒళ్ళు జలదరించింది.

వయసులో ఉన్నప్పుడు ఆయన షాంఘైలో నాటకాలు వేసేవారట. సంఘ పెద్ద నాటకాలు వేయడమా! పడమటి దేశాల గొప్ప నాటకాలను తమ భాషలోకి మార్చుకుని ఆడేవారట. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారట. ఆయనది భర్తను విడిచి వెళ్ళే ఇల్లాలి వేషం. తెల్లవాళ్ళలా కనబడాలని పెద్ద ముక్కులు అంటించుకునేవారట.

"జనమంతా నా ముక్కునే చూశారమ్మా. ఒక పెద్దావిడ మాత్రం కళ్ళు మూసుకుని వింది. అలా వింటేనే తనకు ఏడుపొచ్చిందని చెప్పి వెళ్ళింది" అన్నారు. నా పౌడర్ మొహం వైపు చూసి, "మరి నీ మాటలు కూడా మేం కళ్ళు మూసుకునే వినాలా?" అని అడిగారు.

వెళ్ళి మొహం కడుక్కున్నాను. సింకులో నీళ్ళు పాలలా తెల్లగా తిరిగాయి.

నాటకం రోజు టీచర్ పౌడర్ పఫ్‌తో వచ్చింది. "వద్దు టీచర్, ఇలాగే వెళ్తాను" అన్నాను. ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. వేషం తీసేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. పఫ్ డబ్బాలో పెట్టి, నా రెక్కలు సర్ది పంపించింది. భయపడవద్దని కాపరులకు చెప్పాను, వణుకుతున్నది మాత్రం నేనే. ముందు వరసలో తాతయ్య రెప్ప వేయకుండా చూస్తున్నారు.

ఇప్పుడు మనవరాళ్ళున్నదాన్ని. సంఘంలో వాక్యం చదవడానికి లేచిన ప్రతిసారీ ముందు వరసలో ఆ తెరిచిన కళ్ళను వెతుక్కుంటాను. తన మాటను దేవుడు ఈ ముఖానికే అప్పగించాడన్న విస్మయం నాకింకా తీరలేదు.