పస్తు పెట్టిన పురుగులు

మా మేనత్త బట్టలకు ఎప్పుడూ పచ్చి కార్జం వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు. ఆమె పోయాక బీరువా తెరిస్తే మడతల్లోంచి అదే గుప్పున కొట్టింది. నాకు ఏడుపూ డోకూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె పని బల్లపరుపు పురుగులతో. గోధుమరంగువి, గోరంత పొడవు. జిగురు కారుస్తూ గాజుతొట్టి అడుగున జారుతుంటాయి. తలమీద రెండు మెల్లకళ్ళు. కోస్తే ప్రతి ముక్కా మళ్ళీ పురుగవుతుంది. ఆ బలమంతా వాటి ఒంట్లోని మూలకణాలది. ఆ కణాలను విడదీసి, పురుగుతో పని లేకుండా గాజుగిన్నెలో పెంచాలని అత్త పంతం. పురుగులో ఉన్నంతకాలం చావనివి, గిన్నెలో పడితే నాలుగు రోజులు బతికేవి కావు.

"వదినా, చేతులు కడుక్కున్నారా?" అని అమ్మ రోజూ గుమ్మంలోనే ఆపేది.

"కడుక్కున్నానే మరదలా. కావాలంటే వాసన చూడు."

"ఛీ! తిన్నది బయటికొస్తుంది."

ఒకసారి ల్యాబులో పెద్దసారు తేల్చి చెప్పేశాడు. ఈ గిన్నె కూడా చెడితే గది వేరేవాళ్ళకిస్తాం, పురుగుల్ని పారబోసుకో అన్నాడు. అత్త కోతకు వారం ముందే వాటి కార్జం మేత ఆపింది. తిండి తిన్న పురుగును కోస్తే దాని కడుపులోని కుళ్ళంతా కణాల్లో కలుస్తుంది. అందుకే పస్తు. తీరా కోత ముందురోజు ఆమెకు జ్వరం తగులుకుంది. "కాస్త నీళ్ళు మార్చిరావే, నీకు పుణ్యముంటుంది" అని అమ్మను బతిమాలింది. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళింది.

మర్నాడు నీరసంగా ఉన్న అత్తకు నేను తోడు వెళ్ళాను. మంచు మీద పెట్టిన గాజుపలకపై ఆమె పురుగుల్ని బ్లేడుతో సన్నగా తరిగింది. చీమిడిలాంటి ఆ ముద్దను మందునీళ్ళలో నానబెట్టి, జల్లెడ పట్టి, దిగిన కణాలను గిన్నెలో వేసింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

తెల్లారి మూత తీస్తే తెల్లటి మడ్డి. మురుగుకాలవ కంపు.

"ఛీ" అంది అత్త. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ మొహం పాలిపోయింది. "వదినా... అక్కడి ఫ్రిజ్‌లో కార్జం కనబడితే కాస్త వేశాను."

"నీళ్ళు మార్చమంటే మేతెందుకేశావే?"

"ఎండి పుల్లల్లా ఉన్నాయి. అసహ్యమే, కాదన్నానా? అసహ్యమైతే మాత్రం కడుపు మాడ్చాలా?"

అత్త చేతిసంచీ కింద పెట్టింది. "తిన్నాయా?" అంది.

"ఎగబడ్డాయి. పొట్టలోంచి గొట్టం చాపి జుర్రుకున్నాయి. యాక్!"

"వాటి నోరు అక్కడే ఉంటుందే, పిచ్చిమొహమా."

గది పోయింది. అత్తను వేరే విభాగంలో సీసాల లెక్క చూసుకోమన్నారు. మిగిలిన పురుగుల్ని పారబోయడానికి చేతులు రాక, డబ్బాలో పోసి ఇంటికి తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అమ్మ కిటికీ పక్క బల్ల ఖాళీ చేసింది.

గిన్నెలో కణాలు బతకడం అత్త చూడలేదు. ఇప్పుడు ఆమె లేదు, పురుగులున్నాయి. వారానికోసారి అమ్మ కార్జం నూరుతుంది, నేను డబ్బా పట్టుకుంటాను. అవి ఒకదానిమీదొకటి పాకుతూ ఆ ఎర్రటి ముద్దను కప్పేస్తాయి. వాటిమీద నాకు ప్రేమేమీ పుట్టలేదు. ఇప్పటికీ గోడవైపే చూస్తాను.

"మొహం అటు తిప్పుకుంటే ఎలాగరా? అన్నీ తింటున్నాయో లేదో చూడు" అంటుంది అమ్మ, ముక్కుకు కట్టిన గుడ్డలోంచి.