ఆఖరి బండిలో అత్తయ్య

డీజిల్ కరువొచ్చిన రోజుల్లో మా మావయ్యకు ముగ్గురు పెళ్లాలు పోయారట. ఒక్కొక్కరి శవాన్నీ బంకులో చూపించి డీజిల్ పోయించుకున్నాడట. అందులో మిగిల్చిందంతా డబ్బాలోకి పట్టి, పాత పేపర్లో చుట్టి, డ్రైవరు సీటు కింద దాచి ఇంటికి చేర్చాడట. బంకు అవతలి వీధుల్లో ఈ కథ ఇప్పటికీ నడుస్తోంది. చెప్పేవాళ్లను బట్టి పెళ్లాల సంఖ్య పెరుగుతుందే తప్ప తగ్గడం నేను వినలేదు.

మావయ్య మునిసిపాలిటీ శవాల బండి డ్రైవరు. వీధిలో అందరూ ఆయన్ని 'ఆఖరి బండి' అనేవాళ్లు. ఎదురుగా మాత్రం అనేవాళ్లు కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఆయనతో పని పడుతుందని అందరికీ తెలుసు. మనిషి నెమ్మది, బండినీ అలాగే నడిపేవాడు. "వెనక పడుకున్నవాళ్లకు లేని తొందర నాకెందుకు?" అనేవాడు. గుంత వస్తే మాత్రం, అద్దాల పెట్టెలో ఉన్నవాళ్లకు దెబ్బ తగులుతుందేమో అన్నట్టు మెల్లగా దించేవాడు.

ఇంట్లో ఉండేది మావయ్య, అత్తయ్య, నేను. అత్తయ్యకు షుగర్ ముదిరి కిడ్నీలు పాడైనప్పుడు నేను బడి మాని సాయానికి వచ్చి అక్కడే ఉండిపోయాను. వారానికి రెండుసార్లు ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పితే ఒళ్లంతా ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునేది. వరసగా తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, మావయ్య అడగలేదు. డాక్టరు చెప్పిన ఇంకో మాట, కాలికి చిన్న దెబ్బ కూడా తగలకూడదని. షుగర్ ఉన్నవాళ్లకు పుండు పడితే మానదు, వట్టికాళ్లతో గడప దాటొద్దన్నాడు. అత్తయ్య ఆ మాటను నవ్వి కొట్టిపారేసేది. మావయ్య మాత్రం రోజూ ఆమె పాదాలు రెండూ వెలుతురులోకి తిప్పి చూసుకున్నాకే డ్యూటీకి కదిలేవాడు.

అలా ఉండగా గొడవలు మొదలయ్యాయి. ఎవరు ఎవరి మీద తిరగబడ్డారో మాకు సరిగా తెలియలేదు. పొద్దున రేడియోలో ఒకరు గెలిచారనేవాళ్లు, సాయంత్రానికి ఇంకొకరు. వంతెనలు మూశారు. ట్యాంకర్లు ఆగిపోయాయి. ఆటోలు, బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. బంకు దగ్గర తుపాకులతో జవాన్లు కాపలా నిలబడ్డారు. అత్యవసరమైన బండ్లకే ఇంధనమని మైకులో చెప్పారు. అత్యవసరమైనవంటే పెద్దల కార్లు, వాటి ముందు వెళ్లే కార్లు, వెనక వెళ్లే కార్లు. అంబులెన్సులన్నీ ఆ పెద్దల ఇంట్లోవాళ్లను తిప్పడానికి తీసుకున్నారు. రోగులకు అన్యాయం జరగకూడదని వాళ్లకూ ఒక దారి చూపించారు. రోగి స్వయంగా నది అవతలి కార్యాలయానికి వచ్చి అడిగితే అనుమతి ఇస్తారట. అక్కడిదాకా వెళ్లడానికే కదా బండి కావాలి అని ఎవరో అంటే, అది మా శాఖ కాదన్నారు.

చివర్లో శవాల బండిని కూడా అత్యవసరంలో చేర్చారు. శవాలు వీధుల్లో ఉండిపోతే పెద్దలకు రోగాలొస్తాయి కదా. కాకపోతే లోపల శవం కళ్లకు కనిపించాలి. పోసేది కూడా శ్మశానానికి వెళ్లి రావడానికి ఎంత కావాలో అంతే.

పెద్దాసుపత్రి శ్మశానం దారిలోనే ఉంది.

అప్పటికే అత్తయ్యకు ఒక వంతు తప్పిపోయింది. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. మావయ్య అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు కానీ ముద్ద ఎత్తలేదు. అత్తయ్యే మాట కదిపింది.

"ఏమండీ, బతికున్నదానికి పొయ్యరు, చచ్చినదానికి పోస్తారు. అంతే కదా?"

"అంతే."

"అయితే రేపొక పూట చస్తాను. ఏం పోయింది?"

"ఏం మాటలే అవి!"

"ఆ పెట్టెలో ఫ్యానుందా?"

"చచ్చినవాళ్లకు ఫ్యానెందుకే?"

"అందుకే ఎవరూ తిరిగి రావట్లేదు."

మావయ్య నవ్వబోయి ఆగిపోయాడు. మర్నాడు బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు.

మా పక్కింట్లో మేనేజర్ గారుండేవారు. బ్యాంకులో రిటైరైన మనిషి. ఆయనకు డీజిల్ కారుంది. కదలని ఆ కారుకు పొద్దున్నే ముసుగు తీసి, తుడిచి, మళ్లీ ముసుగేసేవారు. గోడ అవతల నుంచి అంతా విని, సలహా ఇవ్వడానికి వచ్చేశారు.

"కళ్లజోడు తియ్యమ్మా. చచ్చాక ఏం చదువుతావు? ఆ వాచీ కూడా. అయ్యో, చెప్పులతో శవం ఎక్కడైనా పడుకుంటుందా? విప్పు, విప్పు. ఏమయ్యా, నడిపించుకెళ్తావేంటి? ఎత్తుకో! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

అత్తయ్య చెప్పులు గడప దగ్గర వదిలింది. మావయ్య ఆమెను ఎత్తుకుని అద్దాల పెట్టెలో పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పాడు. నన్ను ఎక్కమని, తాళం మర్చిపోయానంటూ మళ్లీ ఇంట్లోకి వెళ్లొచ్చాడు.

బంకులో జవాను లోపలికి తొంగి చూశాడు. "ఏడ్చేవాళ్లెవరూ లేరేం?" అన్నాడు. మావయ్య నన్ను చూపించాడు. నాకు పైకి ఏడవడం రాదు. తల దించుకున్నాను. ఏమనుకున్నాడో, పొయ్యమన్నాడు. ఆ రోజు అత్తయ్యకు డయాలసిస్ మిషను దొరికింది.

తర్వాతి వంతుకు మేనేజర్ గారు తనంతట తానే బయల్దేరారు. "బంధువు లేని శవాన్ని ఎవడు నమ్ముతాడయ్యా? నేనొచ్చి ఏడుస్తాను" అన్నారు. బజారు కూడా ఆ దారిలోనే ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ల చేతిలో కూరగాయల సంచి ఎందుకని అత్తయ్య పెట్టెలోంచే అడిగింది. "శవాలు మాట్లాడకూడదమ్మా" అన్నారాయన. ఆ సంచిలో ఖాళీ డబ్బా కూడా ఉందని నాకు కూర్చునేటప్పుడు మోకాలికి తగిలి తెలిసింది.

బంకులో ఆయన గుండెలు బాదుకుంటూ "నన్నొదిలి వెళ్లిపోయావా తల్లీ!" అని అందుకున్నారు. దుప్పటి కింద అత్తయ్య పొట్ట కదలడం మొదలైంది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. జవాను వచ్చి అద్దానికి ముఖం ఆనించాడు.

"ఈవిడను మొన్ననే కదా తీసుకెళ్లావు?"

"మొన్న పోయింది అక్క సార్. ఈమె చెల్లెలు. కవలలు." అన్నాడు మావయ్య.

"ఇంకెంతమంది ఉన్నారేంటి?"

మావయ్యకు అబద్ధం సాగలేదు. "వారానికి ఇద్దరు సార్" అన్నాడు.

మేనేజర్ గారి ఏడుపు ఠక్కున ఆగింది. జవాను అత్తయ్య చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చిన చోట వేసిన పట్టీ వైపు చూశాడు. ఉబ్బిన ముఖం వైపు చూశాడు. వెనక్కి తిరిగి, క్యూలో ఉన్న పెద్దల కార్లనూ ఓసారి చూశాడు. డీజిల్ పొయ్యనంటే అత్తయ్యను ఇంటికి తీసుకెళ్లి గోడకు ఆనించి కూర్చోబెట్టడమే ఇక.

"అమ్మా" అన్నాడు అద్దం దగ్గర వంగి. "ఊపిరి తీస్తుంటే దుప్పటి లేస్తోంది. పై అధికారి చూస్తే నా ఉద్యోగం పోతుంది. ఈసారి నుంచి మందంగా ఉన్నది కప్పుకో."

"చెమట పడుతుంది బాబూ" అంది శవం.

"చచ్చాక చెమటేంటమ్మా!" అని కసిరి, పొయ్యమని సైగ చేశాడు.

మేనేజర్ గారు కళ్లు తుడుచుకుని సంచిలోంచి డబ్బా బయటికి తీశారు. "బాబూ, ఇందులో కొంచెం..."

"మీరూ పడుకుంటే పోస్తాను."

"ఎంతసేపు పడుకోవాలి?" అన్నారాయన. నిజంగానే అడిగారు.

తిరుగు దారిలో ఆ డబ్బాను మావయ్య ముందు పెట్టారు. "మీ ఆవిడ కోసం గొంతు పోయేలా ఏడ్చాను. ట్యాంకులోంచి కాస్త తియ్యవయ్యా."

"కొలిచి పోస్తారండీ. మీకు తీస్తే మా ఆవిడ సగం దారిలో ఆగిపోతుంది."

మేనేజర్ గారు డబ్బాను మళ్లీ సంచిలో పెట్టుకున్నారు. తర్వాతి వంతులకు ఏడవడానికి రాలేదు. మావయ్య బండి తీసేటప్పుడల్లా గోడ మీదుగా చూస్తూ మాత్రం ఉండేవారు.

గొడవలు ఎలా మొదలయ్యాయో తెలియనట్టే ఎలా ఆగాయో కూడా తెలియలేదు. ట్యాంకర్లొచ్చాయి. మేనేజర్ గారు కారు ముసుగు తీసి బంకు క్యూలో నిలబడ్డారు. క్యూ పొడుగ్గా ఉంది, పొద్దు పోవాలి. "ఆఖరి బండి సంగతి విన్నారా?" అని ముందున్నాయనతో మొదలుపెట్టారు. "నా కళ్లతో చూశాను. పోయేటప్పుడల్లా పేపర్లో చుట్టిన డబ్బా సీటు కింద పెట్టేవాడు." పెళ్లాలను క్యూలో మిగతావాళ్లు కలిపారు.

సీటు కింద పెట్టిన మాట నిజమే. ఆసుపత్రి వెనక గేటు నుంచి మిషను గది దాకా నేలంతా కంకర. అక్కడ బండి ఆపి, సీటు కింద నుంచి ఆ పొట్లం తీసి విప్పేవాడు మావయ్య.

అందులో ఉన్నవి అత్తయ్య చెప్పులు.