చెయ్యి తట్టేదాకా

నా చిన్నప్పుడు, ఎండాకాలంలో రంజాన్ వచ్చిన యేడు, ఎల్లారెడ్డి ఊళ్లోని మా ఇంట్లో నాకొక పని అప్పజెప్పారు. పెద్ద పనేం కాదు. సాయంత్రం రోజా, అంటే ఉపవాసం, విడిచే వేళకు ఒక పళ్లెం, ఒక గ్లాసు పట్టుకొని వెనక గల్లీలో ఉండే గాజుల నానీ ఇంటికి వెళ్లాలి. మసీదు సైరన్ మోగగానే ఆమె చెయ్యి తట్టాలి. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంతకంటే తేలికైన పని ఎవరిస్తారు?

నానీ అంటే అమ్మమ్మ, కానీ గాజుల నానీ మాకు చుట్టం కాదు. ఒకప్పుడు గంపలో గాజులు పెట్టుకొని నాగిరెడ్డిపేట దాకా ఊరూరా తిరిగి అమ్మిందట. నేను ఎరిగేనాటికి ఆమెకు చెవులు పూర్తిగా పోయాయి, కళ్లకు పొరలు కమ్మాయి. ఒక్కగానొక్క కూతురు బిచ్కుందలో కాపురం ఉండేది. ఒక యేడు మబ్బు పట్టిన రోజున పొద్దు గూకిందనుకొని ముందే నీళ్లు తాగేసిందట. ఆ రోజా చెడిపోయిందని ఏడ్చి ఏడ్చి, ఇకమీదట ఎవరైనా వచ్చి చెయ్యి తట్టేదాకా చుక్క కూడా ముట్టనని గట్టిగా అనుకుంది. అప్పటినుంచి ఆ తట్టే చెయ్యి మా ఇంటినుంచే వెళ్లేది.

మా దాదీ, అంటే నాన్నమ్మ, ఈ విషయంలో మహా గట్టి మనిషి. పక్కవాళ్లు పస్తుండగా తన కడుపు నింపుకున్నవాడికి ఈమాన్, అంటే విశ్వాసం, లేదని ప్రవక్త చెప్పారని, షోర్బా వండేటప్పుడల్లా మాకు వినిపించేది. వినిపిస్తూనే ఇంకో చెంబెడు నీళ్లు గిన్నెలో పోసేది. ఆ చెంబెడూ గల్లీవాళ్ల కోసం. పిల్లలం మాంసం ముక్క దొరక్క ఆ పలచటి షోర్బాలో గరిటె పెట్టి దేవులాడేవాళ్లం. దాదీ పుణ్యం చేసుకుంటుంటే మా నోళ్లు ఎందుకు ఎండాలని లోపల గొణుక్కునేదాన్ని. నేను అంత మంచి పిల్లను కాను, ఇది ముందే చెప్పడం మంచిది.

ఆ యేడే నేను రోజాలు మొదలుపెట్టాను. ఒక శుక్రవారం మా అబ్బా, అంటే నాన్న, పనిమీద కామారెడ్డి వెళ్లి, వస్తూ వస్తూ స్టేషన్ దగ్గర మంచుగడ్డ కొన్నాడు. రంపపు పొట్టులో పొదిగి, గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. దిగేసరికి బట్టలు తడిసి ముద్దయ్యాయి, గడ్డ ఇటుకంత మిగిలింది. ఇంట్లో తినే నోళ్లు పదకొండు. అప్పట్లో మా గల్లీలో ఎవరికీ ఫ్రిజ్ లేదు. పొద్దున్నుంచి దూపతో నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉన్న నేను ఆ గోనెసంచి చుట్టూనే తిరిగాను. కరిగిపోతుందేమోనని నాకున్న భయం ఇంట్లో ఎవరికీ లేదు.

దాదీ గడ్డను పగలగొట్టి, అన్నిటికంటే పెద్ద ముక్క తీసి గులాబీ షర్బత్ గ్లాసులో వేసింది. ఆ గ్లాసు గాజుల నానీది. నా మనసు అక్కడే చెడింది. నేను వెళ్లి ఆమె చెయ్యి తట్టి తిరిగొచ్చేసరికి నాకు మిగిలేది గోరువెచ్చటి ఎర్రనీళ్లే. మా చిచ్చా, అదే బాబాయి, కొడుకుల సంగతి నాకు తెలియదా?

రెండు గల్లీలకూ మధ్య ఒక పాడుబడ్డ పశువుల కొట్టం ఉండేది. ఆ గోడ చాటుకు చేరేసరికి సైరన్ మోగింది. ఒక్క గుక్క తాగుదామనుకున్నాను. గ్లాసు దించేసరికి అడుగున మంచుముక్క తప్ప ఏమీ లేదు. దాన్ని కూడా నమిలేశాను. పళ్లెంలోని ఖర్జూరాలు మూడూ తినేశాను. నానీ ఇంట్లో కుండనీళ్లు ఉంటాయి కదా, ముంచి ఇచ్చి చెయ్యి తడితే సరిపోతుంది అనుకున్నాను. అంతలో మా ఇంట్లోంచి షర్బత్ అయిపోతోందని కేక వినపడింది. ముందు నా గ్లాసు తాగి తర్వాత వెళ్దామని ఇంటికే పరుగెత్తాను.

నేను రెండో గ్లాసు తాగుతుంటే, నానీ తాగిందా అని దాదీ అడిగింది. తాగిందన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అది అన్నాక మళ్లీ ఆ ఇంటికి వెళ్లడానికి ఏ సాకూ మిగల్లేదు.

అందరూ పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకు లేచారు. దాదీ పక్కన నేనూ నిలబడ్డాను. రోజూ వచ్చే ఖురాన్ సూరాలు ఒక్కటీ నోటికి రాలేదు. కిటికీలో వెలుగు తగ్గుతున్న కొద్దీ నా కడుపులోని చల్లదనం భయంగా మారింది. నానీ సొమ్మసిల్లి పడిపోయి ఉంటుందా? పొద్దున ఎవరో చూసి బిచ్కుందకు కబురు పంపితే ఆమె కూతురు గుండెలు బాదుకుంటూ వస్తుందా? నుదురు నేలకు ఆనించి, అల్లాహ్, ఆమెను బతికించు అని తెలుగులో వేడుకున్నాను. నమాజ్ పూర్తయి దాదీ దువా చేసి వేడుకోవడానికి చేతులెత్తగానే, గ్లాసు పట్టుకొని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

నానీ చాప మీద గుమ్మం వైపు తిరిగి కూర్చుని ఉంది. కుడి అరచెయ్యి మోకాలి మీద తెరిచి పెట్టుకుంది. పెదవులు ఎండి చీలిపోయాయి. అయినా పక్కనే ఉన్న కుండను తాకలేదు. నేను నీళ్లు ముంచి ఆమె చెయ్యి తట్టాను. ఆమె గ్లాసు అందుకోలేదు, నా చేతిని పట్టుకొని భుజం దాకా తడిమింది.

“నీకేమన్న అయిందేమో అని ఒకటే రంది పడ్డ బిడ్డా. గింత సేపు నీ కోసమే దువా చేస్తున్న,” అంది.

నోట్లో నీళ్లు పడకముందు రోజా ఉన్నవాళ్లు చేసే దువాను అల్లాహ్ తోసిపుచ్చడని దాదీ చెప్పగా విన్నాను. ఆ దువాను ఆమె నా కోసం చేసింది. తర్వాత బిస్మిల్లా అని గ్లాసు పెదవులకు ఆనించి, ఒక గుక్క తాగి ఆగింది. గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. నేను దాన్ని కడగనే లేదు, గులాబీ వాసన ఇంకా అలాగే ఉంది. పొరలు కమ్మిన కళ్లు నా వైపు తిరిగాయి.

“షర్బత్ చల్లగుండెనా బిడ్డా?”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. పొద్దంతా రోజా ఉన్న పిల్లకు చల్లగా దొరికిందా లేదా అని నిజంగానే అడిగింది. అదే నన్ను కూలదోసింది. మాట్లాడినా ఆమెకు వినపడదు కాబట్టి, అవునని ఆమె అరచేతిలో తట్టాను. మంచిగైంది అంటూ మిగిలిన నీళ్లు తాగింది.

ఇంటికి వచ్చి దాదీ ఒళ్లో పడి అంతా చెప్పేశాను. ఆమె కొట్టలేదు. “రోజా ఉండేదే దూప తెలుసుకునెటందుకు బిడ్డా. నీకు తెలిసినంక గూడ ఆమెను దూపతోని కూసోబెట్టినవు,” అంది. కొట్టినా బాగుండేదనిపించింది.

మర్నాటినుంచి మేం తినే వేళ వేసుకునే దస్తర్‌ఖాన్ గుడ్డ నానీ వాకిట్లో పరిచారు. పదకొండు మందిమీ, షోర్బా గిన్నెతో సహా, అక్కడికే వెళ్లాం. ఇక ఆ పని నాకు వద్దని ఎంత ఏడ్చినా దాదీ వినలేదు. నానీ చెయ్యి తట్టే పని మాత్రం నాదేనంది. ఆమె పోయేదాకా ప్రతి రంజాన్‌లోనూ నేనే తట్టాను.

ఇప్పుడు నేనూ దాదీనే. మా వీధి చివర మంచం పట్టిన ఒక పెద్దమనిషికి ఇఫ్తార్ పళ్లెం నా మనవరాలితో పంపిస్తాను. సైరన్ మోగితే ఈ వయసులో కూడా గుండె ఉలిక్కిపడుతుంది, ఏ చీకటి ఇంట్లో ఎవరు అరచెయ్యి తెరుచుకొని కూర్చున్నారోనని. అందుకే అందరికంటే ముందు రెండు గ్లాసులు నింపుతాను. ఒకటి ఆయనకు. రెండోదాంట్లో మంచుముక్కలు వేసి, మూత పెట్టి, మోసుకెళ్లే పిల్ల కోసం నా పక్కనే ఉంచుకుంటాను. తాగారు దాదీ అంటూ అది ఖాళీ గ్లాసు తెచ్చి నా చేతికిస్తుంది. నేను వాసన చూడను. చల్లటి గ్లాసు దానికందించి, చెయ్యి ఒకసారి తట్టి, అప్పుడు నా గ్లాసు ఎత్తుతాను.