మావయ్యగారి రెండు కార్బరేటర్లు

మొన్న విజయవాడలో చెవుల డాక్టరు నన్నో చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చి, "చప్పుడు వినపడితే నొక్కండమ్మా" అన్నాడు. కుడివైపు బాగానే నొక్కాను. ఎడమవైపు వచ్చేసరికి వినపడిందో, వినపడినట్టు అనిపించిందో తేలక దిక్కులు చూశాను. ఈ వయసులో అదేం పెద్ద విశేషం కాదు. కానీ నాకు మా మావయ్యగారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. పాపం ఆ కుర్ర డాక్టరు నా చెవుల గురించే అనుకుని, మిషను పెట్టుకుంటే అంతా సర్దుకుంటుందని ఓదార్చాడు.

నేను తిరువూరు కోడలిగా వెళ్లింది డెబ్భైల మొదట్లో. మావయ్యగారు స్కూల్లో లెక్కల మాస్టారు. చర్చిలో హార్మోనియం ఆయనదే, పాటలు పాడే క్వయరూ ఆయనదే. ఆదివారం పాట బాగా కుదిరితే సోమవారం క్లాసులో పిల్లలకి దెబ్బలు తగ్గేవట. ఇవి కాక ఆయనకో కారుండేది. డాక్టరు దొరసాని ఒకావిడ, తనకి తెలుగు నేర్పిన గురువని, సొంత దేశం వెళ్లిపోతూ ఆయనకిచ్చిన ఇంగ్లీషు కారు. ఊళ్లో మిగతా కార్లకి కార్బరేటరు ఒకటే, దీనికి రెండు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి అందించే ఆ రెండూ సరిసమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువై ఒకటి తక్కువైతే బండి వణుకుతుంది, నల్లగా పొగ కక్కుతుంది, చిన్న ఎత్తు కూడా ఎక్కనంటుంది. మెకానిక్కులు బానెట్టు ఎత్తి చూసి, దండం పెట్టి దించేసేవారు.

అందుకని మావయ్యగారు సొంత పద్ధతి ఒకటి కనిపెట్టారు. దొరసాని పారేసిన స్టెతస్కోపుని విడదీసి, రెండు చెవులకీ వేరువేరుగా రబ్బరు గొట్టాలు తగిలించారు. ఎడమ గొట్టం చివర ముందు కార్బరేటరు మూతి దగ్గర, కుడిది వెనకదాని దగ్గర. ఇంజను నడుస్తుంటే రెండు చెవుల్లోనూ గాలి బుస ఒక్కలాగే వినపడేదాకా స్క్రూలు తిప్పేవారు. అత్తయ్యగారు ఆ వేషం చూసి, "దానికి జ్వరమొస్తే తెలుస్తుంది గానీ, నాకొస్తే తెలీదు ఈయనకి" అనేవారు. శనివారం మధ్యాహ్నం కారు, సాయంత్రం క్వయరు ప్రాక్టీసు.

ఒక ఏడు వానాకాలం వెళ్లాక కారు మొరాయించడం మొదలెట్టింది. "ముందుదానికి గాలి చాలట్లేదు" అంటూ ఆయన ప్రతి శనివారం దాన్ని ఇంకాస్త తెరిచేవారు. వణుకు ఇంకా ఎక్కువయ్యేది. విప్పి పెట్రోలుతో కడిగారు, మళ్లీ బిగించారు. ఎ.కొండూరు దారిలో ఆగిపోతే ఎడ్లని కట్టి లాక్కొచ్చారు. అవే రోజుల్లో క్వయర్లో మా ఆడవాళ్ల మీద విసుగూ ముదిరింది. హార్మోనియానికి ఎడమ పక్క మేం, కుడి పక్క మగవాళ్లు. "అన్నం తినట్లేదా అమ్మా మీరు? గొంతు లేవదేంటి?" అనేవారు. క్రిస్మస్ దగ్గర పడుతోంది. మేం అరిచి అరిచి, మిరియాల పాలు తాగి, మళ్లీ అరిచేవాళ్లం.

ఒక శనివారం ఆయనకి ఓపిక నశించి, "ఒకసారి నువ్వు విను అమ్మాయ్" అని గొట్టాలు నాకిచ్చారు. పెట్టుకున్నాను.

"ముందుదే ఎక్కువగా పీలుస్తోంది మావయ్యగారూ."

"కాదమ్మా, సరిగ్గా విను."

"ఎడమ చెవి హోరెత్తిపోతోందండి."

ఆయన గొట్టాలు తీసుకుని మళ్లీ విన్నారు. నాది పొరపాటన్నట్టు తలాడించారు. తర్వాత లెక్కల మాస్టారు కాబట్టి, గొట్టాల చివర్లు అటుదిటు, ఇటుదటు మార్చి చూశారు. ఇప్పుడు ముందు కార్బరేటరు కుడి చెవికొచ్చింది. విన్నారు. మళ్లీ మార్చి విన్నారు. ఏ కార్బరేటరు పెట్టినా ఎడమ చెవిలోదే నీరసంగా ఉంది. ఇంజను ఆపి, గొట్టాలు చెవుల్లోంచి తీసేశారు. తర్వాత నావైపు చూడకుండా, "అయితే మీరంతా బాగానే పాడుతున్నారన్నమాట" అన్నారు.

ఆ పూటే ఒక్క గొట్టంతో, ఒక్క కుడి చెవితో, ముందుదీ వెనకదీ మార్చి మార్చి విని సరిచేశారు. కారు అంత మెత్తగా అదివరకెప్పుడూ నడవలేదు. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండింది. క్రిస్మస్ దాకా క్వయరు ఆయనే నడిపారు. ఎవర్నీ ఒక్క మాట అనకపోయేసరికి అందరికీ భయం పట్టుకుంది. కొత్త సంవత్సరం ఆరాధన కాగానే హార్మోనియం పెట్టె తాళంచెవి పాస్టరుగారి చేతిలో పెట్టి వచ్చేశారు. పెద్ద డాక్టర్లు చెవి నరం చచ్చిపోతోందన్నారు, మందు లేదన్నారు. కొన్నాళ్లకి రెండో చెవీ పోయింది.

కారుని రెడ్డిగూడెం మామిడితోటల ఆసామి కొనుక్కున్నాడు. తోలుకుపోయే రోజు అతను ఇంజను స్టార్టు చేస్తే, మావయ్యగారు నావైపు తిరిగి, "రెండూ సమంగా ఉన్నాయా?" అని అడిగారు. "ఉన్నాయండీ" అన్నాను. మళ్లీ అడిగారు. అరిచి చెప్పాను. ఇంకోసారి అడిగారు. చివరికి తలూపాను.

దేవుడు ఆయనకి ఆయుష్షులో మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. అత్తయ్యగారు పోయాక కూడా చాలా ఏళ్లున్నారు. సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి మేం పాడుతుంటే మా నోళ్లకేసి చూస్తూ తాళం వేసేవారు. ఒక్కోసారి మా పాట అయిపోయాక కూడా ఆయన చెయ్యి ఆగేది కాదు. పోయినప్పుడు అందరూ నిండు జీవితమన్నారు. వినడం తప్ప వేరే సుఖం ఎరగని మనిషికి అంత కాలం దేనికిచ్చాడో, ఇన్నేళ్లు మోకరించి అడిగినా నాకు జవాబు రాలేదు.