జమ్మలమడుగులో ఒక కొండ గొంతు కోసం

నేను సెల్లో వాయిస్తాను. వయొలిన్‌కు పెద్దక్క అనుకోండి. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమాను లాగాలి. దానికి మైకు తగిలించి, కాళ్ళ దగ్గర చిన్న చిన్న డబ్బాలు పెట్టుకుంటాను. వాయించిన స్వరాన్ని అవి పట్టుకుని, సాగదీసి, కాసేపాగి తిరిగి వినిపిస్తాయి. అలా పొర మీద పొర పేర్చుకుంటూ పోయే నిదానపు సంగీతాన్ని యాంబియెంట్ అంటారు. మా అమ్మ మాత్రం నిద్రమాత్ర అంటుంది. పులివెందులలో టీచరుగా పనిచేసే రాణి నా రికార్డింగులు వింటుందట. ఈమధ్య ఒకరోజు ఫోన్ చేసి, పలకరింపులు కూడా పూర్తికాకుండానే "అక్కా, మీ డబ్బాలు కొండ మాదిరి పలుకుతాయా?" అని అడిగింది.

విషయం ఇదీ. వాళ్ళమ్మ ఎస్తేరమ్మది పెన్నా ఒడ్డున, కొండ కింద ఉండే ఊరు. జలాశయంలో ఊరు మునిగితే జమ్మలమడుగు దగ్గర పునరావాస కాలనీలో ఇల్లిచ్చారు. పాత ఊరి చర్చిలో ఆదివారం కీర్తన ఎత్తుకునేది ఆమే. ఒక్కో వరుస పాడి ఆగితే ఎదురుగా కొండ బదులు పలికేదట. ఆ బదులు విన్నాకే అందరూ తరువాతి వరుస అందుకునేవారు. కొత్త కాలనీ చుట్టూ బయలే. అక్కడ మొదటి ఆదివారం ఎస్తేరమ్మ ఒక్క వరుస పాడి, అలవాటుగా ఆగింది. ఏమీ రాలేదు. అలాగే కూర్చుండిపోయింది. "అప్పట్నుంచి ఇంట్లో కూడా పాడలా అక్కా. డాక్టరుకు చూపిస్తే గొంతుకేమీ లేదన్న్యాడు. మా అమ్మ మళ్ళీ పాడితే నాకంతే శాలు" అంది రాణి. నాకు ఏడుపొచ్చింది. ఓహో, నా డబ్బాలతో కొండనే పట్టుకుపోతానన్న గొప్ప కూడా కొంచెం కలిగింది, ఎందుకు దాచాలి!

విజయవాడలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి ప్రొద్దుటూరులో దించారు. టికెట్ ఏడెనిమిది వందలవుతుంది. బంగారం కొట్లన్నీ ఇంకా మూసే ఉన్నాయి. వీధులు ఊడ్చిన దుమ్ము ఎండలో మెల్లగా తేలుతోంది. నిద్ర సగం వదలని కళ్ళకు ఊరు ఊరంతా నీళ్ళలో ఉన్నట్టు కనబడింది. బస్టాండు ఎదురుగా ఉగ్గాని అనే బొరుగుల ఉప్మా, మిరపకాయ బజ్జీలు తిన్నాను. నలభై రూపాయలకు కడుపు నిండింది, చెవుల్లోంచి పొగ కూడా వచ్చింది. జమ్మలమడుగుకు పల్లెవెలుగు బస్సులు తరచుగానే ఉంటాయి, ముప్పావు గంట ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం. సెల్లో పెట్టెను మెట్లెక్కించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. కండక్టరు దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏంది మా ఇది, మనిషంత ఉండాది?"

"వాద్యమన్నా."

"నీకు ఫ్రీనే. ఈయప్పకు మాత్రం టికెట్ కొట్టాల."

బస్సంతా నవ్వింది. టికెట్ కొట్టించుకుని, కిటికీ పక్క సీటు కూడా ఈయప్పకే ఇచ్చాను.

జమ్మలమడుగు బస్టాండులో రాణి ఎదురొచ్చింది. కాలనీకి ఆటో నూట యాభై. ఎస్తేరమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. గుమ్మంలోనే "ముందు తిను పాపా, తర్వాత చూద్దాం నీ కచ్చేరీ" అని రాగి సంగటి, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి వడ్డించింది. కూతురు నన్ను ఎందుకు పిలిపించిందో ఆమెకు తెలుసు. నమ్మకం మాత్రం ఇసుమంత కూడా లేదు. భోజనమయ్యాక వరండాలో వైర్లన్నీ కలిపి, నాకు చేతనైనంత సొగసుగా ఒక స్వరం లాగాను. డబ్బా దాన్ని అందుకుని నాలుగుసార్లు తిప్పి తిప్పి పలికించింది. ఆమె ముఖం మీదే చెప్పేసింది.

"మా కొండ ఇంత తొందరపడదు."

నిదానం చేశాను.

"ఇన్నిసార్లు చెప్పదు. ఒకే తూరి."

ఒకసారికి కుదించాను.

"శానా గట్టిగా అరుస్తాంది. నన్ను మించి పాడేదా కొండ? అది మర్యాద తెలిసిన కొండ పాపా."

నా పప్పులేవీ ఉడకలేదు. రాణి ముఖం వాడిపోయింది. ఇంత దూరం వచ్చి, ఈ అమ్మాయికి లేనిపోని ఆశ పెట్టి, ఉత్త చేతులతో పోతానేమోనని నిజంగా భయమేసింది. చివరికి అడిగేశాను: "మరి ఏం చెప్పేదమ్మా మీ కొండ?"

ఎస్తేరమ్మ బయట ఎండలోకి చూస్తూ చెప్పింది. "మాటంతా చెప్పదు. కడాన ఉండే ముక్క ఒగటే చెప్తాది. అదీ ఇనపడీ ఇనపడనట్టు, నిద్రలో చెప్పినట్టు."

అప్పుడు డబ్బాలన్నీ ఆపేసి ఒక్కటే ఉంచాను. అన్నిటికంటే లావు తీగ మీద, వేలు ఆనీ ఆననట్టు పెట్టి కమాను తాకించాను. స్వరం మొదలు వినబడలేదు, తోక మాత్రం మిగిలింది. అది వరండా దాటి, ఆరేసిన బట్టల మధ్య నుంచి బయలు మీదికి పోయి, ఎండలో సన్నబడి సన్నబడి ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయింది. గాలి కూడా మెత్తబడినట్టనిపించింది.

ఎస్తేరమ్మ కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకోలేదు, ఊపిరి కూడా పెద్దగా తీయలేదు. కీర్తన ఎత్తుకుంది.

అమ్మో, ఏం గొంతు! గరుగ్గా, వెచ్చగా ఉంది. వరుస అయ్యాక ఆగింది. ఆఖరి ముక్కను అందుకుని సెల్లో పలికింది. ఆమె తల ఊపి రెండో వరుస అందుకుంది. రాణి స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పక్కింటివాళ్ళు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నాకు కాలమే తెలియలేదు. ఎన్ని చరణాలు పాడిందో అడిగితే చెప్పలేను.

పాట ఆగాక రాణి ముక్కు తుడుచుకుంటూ "అక్కా, ఈ డబ్బా ఒకటి నాకు అమ్ముతారా?" అంది. ఊరికే ఇచ్చేయడానికి నేను సిద్ధమే. ఎస్తేరమ్మ అడ్డం పడింది.

"వద్దు. ఆయమ్మది ఆయమ్మను ఎత్తుకపోనీ. ఆదివారం నువ్వు రా. నేను పాడతా, నువ్వు పలుకు."

"నేనా? నాకు పాటలు యాడొచ్చుమా?"

"కొండకొచ్చునా?"

తల్లి అప్పటికే మొదటి వరుస మళ్ళీ ఎత్తుకుంది. పాడి, ఆగి, కూతురి వైపు చూసింది. రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆఖరి ముక్క అంది. శ్రుతి తప్పింది, గొంతు జీరబోయింది. ఎస్తేరమ్మ దాన్నే పట్టుకుని రెండో వరుసలోకి వెళ్ళిపోయింది. నేను కమాను ఒళ్ళో పెట్టుకుని, కాలితో డబ్బా ఆపేశాను.

సాయంత్రం రాణితో పాటే ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల వెళ్ళాను. రెండు గంటలు పట్టింది. తొండూరు దాటాక చేలన్నీ పసుపురంగు వెలుగులో తడిసి ఉన్నాయి. రాణి కిటికీ వైపు తిరిగి ఆఖరి ముక్కలు మాత్రం లోలోపల సాధన చేసుకుంటోంది. పోయిన ఆదివారం ఫోన్ చేసింది, చర్చిలో అమ్మ పాడిందట. నేనెన్నో ఏళ్ళుగా శబ్దాన్ని సాగదీసి పెద్దది చేస్తున్నాను. తగ్గించి తగ్గించి పక్కవాళ్ళకు చోటివ్వొచ్చని ఆ వరండాలోనే తెలిసింది. ఓడిపోయినట్టు అనిపించలేదు, హాయిగా ఉంది. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఆ కాలనీ చర్చిలో ఆదివారం కూర్చుంటే, ఎస్తేరమ్మ ఆగగానే చప్పట్లు కొట్టేయకండి. పాట అయిపోలేదు. అది రాణి వంతు.