షాలేం రాజు, సరైన మాట

సరైన మాట దొరక్కపోతే షాలేం రాజుకి ముద్ద గొంతు దిగదు.

నూట యాభై ఏళ్ల కిందటి ఫ్రెంచి నవల ఒకటి అతన్ని పట్టుకుంది. దాన్ని రాసినాయన ఉన్నది ఉన్నట్టు కళ్లకు కట్టాలని ఒక్కో వాక్యాన్నీ వారాల తరబడి చెక్కాడట. దాన్ని తెలుగు చేస్తానని రాజు పదకొండేళ్ల కిందట అమెరికాలో, ఫ్రిస్కోలోని తన ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు తొమ్మిదో పేజీలో ఉన్నాడు.

"ఇవాళైనా కదిలిందా?" అని భార్య ప్రిస్సిల్లా అడిగింది.

"హీరోయిన్ మెట్లు దిగుతోంది. గౌను చప్పుడుకి మాట దొరకట్లేదు."

"సరసర అనండి."

"అది పాముకి."

"గరగర?"

"అది గంజి పెట్టిన చీరకి. ఇది వానలో తడిసిన గౌను!"

హీరోయిన్ ఆర్నెల్లు మెట్ల మీదే నిలబడింది.

ఓసారి సింకు కింద పైపు కారుతోందని, ప్లంబర్‌కి కాల్ చేయమంది ప్రిస్సిల్లా. రాజు వంగి చూశాడు. "కారడం కాదు, ఊరుతోంది." ఆ తేడాకి ఇంగ్లీషు మాట వెతికేలోపు కార్పెట్ తేలింది.

"ఇప్పుడేమంటారు?" అంది ఆమె, చీలమండల లోతు నీళ్లలో.

"పారుతోంది," అన్నాడు తృప్తిగా.

చర్చిలో ప్రకటనలు చదవమంటే, 'రుచికరమైన విందు' అన్నచోట గొంతు సవరించుకుని 'విందు' అని మాత్రం చదివాడు. ఆ రోజు వండింది ప్రిస్సిల్లాయే.

అలాంటి ఇంటికి కొవ్వూరు నుంచి ప్రిస్సిల్లా పెద్దమ్మ దేవకుమారి వచ్చింది. వచ్చిన వారానికే గుండెల్లో నొప్పంది. క్లినిక్‌లో ప్రిస్సిల్లా "పెయిన్" అని చెప్పింది, వాళ్లు గ్యాస్ అని మాత్రలిచ్చి పంపేశారు. రెండు రోజులకి మళ్లీ నొప్పి. రాజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, పోటా?"

"కాదు బాబూ."

"మంటా? సలుపా?"

"ఏవండీ, ఇప్పుడా మీ డిక్షనరీ!" ప్రిస్సిల్లా కసిరింది.

దేవకుమారి కాసేపు ఆలోచించింది. "రొమ్ము మీద సన్నికల్లు పెట్టినట్టుంటాది. మెట్లెక్కితేనే. దవడ దాకా లాగుద్ది. కూకుంటే పోద్ది."

రాజు కారు తాళాలు తీసుకున్నాడు. హాస్పిటల్లో ఆ నాలుగు ముక్కలూ పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. విన్న డాక్టర్ ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. సాయంత్రానికి పెద్దమ్మకి స్టెంట్ వేశారు.

గండం గడిచాక, కౌంటర్ దగ్గర నర్సు పలకరించింది. "హాయ్ రాజు! నువ్వొచ్చే రోజు నిన్న కదా?"

ప్రిస్సిల్లా తెల్లబోయింది. బుధవారాలు అతను లైబ్రరీలో నవలతో కుస్తీ పడుతున్నాడనే ఆమె నమ్మకం. నాలుగేళ్లుగా ప్రతి బుధవారం ఇక్కడ తెలుగు పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల బాధ డాక్టర్లకి చెబుతున్నది ఇతనేనని నర్సు చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" కారెక్కాక అడిగింది.

"చెప్పడానికేముంది? వాళ్లు చెప్తారు, నేను వింటాను."

"నిన్న ఎవరొచ్చారు?"

"ఓ మామ్మగారు. మోకాలు. అది రెండు నిమిషాలు. తర్వాత గంటసేపు ఊళ్లో వదిలొచ్చిన గేదె గురించి చెప్పింది."

"డాక్టర్‌కి గేదె సంగతేం చెప్పారు?"

"డాక్టర్‌కి మోకాలే. గేదె నాకు."

ప్రిస్సిల్లా నవ్వాపుకుంటూ సీట్ బెల్ట్ పెట్టుకుంది. "ఇంతకీ దాని పేరేంటంట?"